గోడవైపు కుర్చీ

"ఇదిగో, తాగి చావు," అంది కోడలు, ముఖమంతా నవ్వు పులుముకుని.

అత్తగారు టీ కప్పు అందుకుంది. కోడలి ముఖంలోకి ఒక్క క్షణం చూసి, "చల్లగా ఉండమ్మా," అంది.

ఆ ఇంట్లో నాలుగేళ్ళుగా ప్రతి పొద్దూ ఇలాగే మొదలవుతోంది.

అత్తగారు మరమగ్గాల షెడ్డులో ముప్ఫై ఏళ్ళు పనిచేసింది. ఆ చప్పుడు ఆమె చెవుల్ని కొంచెం కొంచెంగా తినేసింది. పని మానేసి కొడుకు దగ్గరికి వచ్చేనాటికి పక్కన పిడుగు పడ్డా తల తిప్పేది కాదు. కొడుకు ఆఫీసు నుంచి రాగానే వెనక నుంచి వంగి, ఆమె చెవిలో నోరు పెట్టి, "అమ్మా, తిన్నావా?" అని అరిచేవాడు. "ఏంటి నాన్నా?" అనేది. మళ్ళీ అరిచేవాడు. చివరికి గొంతు పోయి, పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకునేవాడు.

కోడలు ఒక్కరోజు కూడా అరవలేదు. కొత్తలో ఒకసారి పాలు పొంగిపోతే ఒళ్ళు మండి, "నీ పీడ నాకెప్పుడు వదులుతుందో," అంది. ఎదురుగా ఉన్న అత్తగారు నవ్వుతూ తలూపింది. కోడలికి నవ్వాగలేదు. అప్పటి నుంచి అదో సరదా అయింది. మాట ఎంత చేదైతే ముఖం అంత తియ్యగా పెట్టాలి. అదీ ఆట. మొగుడు గడప దాటితే చాలు, మొదలు.

మధ్యాహ్నం ఎదురుగా నిలబడి వడ్డిస్తూ, "మేయి, కరువులో పుట్టినదానిలా మేయి," అనేది. అత్తగారి కుచ్చిళ్ళు సర్దుతూ, తలెత్తి, "ఈ ఆకుపచ్చ చీర నీకు భలే ఉంది. కాటికి దీంట్లోనే పంపిద్దాం," అనేది. బాత్రూం వైపు వేలు చూపించి, "సబ్బునీళ్ళు అలాగే వదిలేశా. వెళ్ళి నడుం విరగ్గొట్టుకో," అనేది. సాయంత్రం ఫోనులో చెల్లెలికి ఇవన్నీ చెప్పి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వేది.

"పాపమే అక్కా," అనేది చెల్లెలు, నవ్వుతూనే.

"వినపడితే కదే పాపం."

ఆ ఆటకు ఇప్పుడు గండం వచ్చిపడింది. అమ్మను వినికిడి డాక్టరుకు చూపించాల్సిందేనని మొగుడు పట్టుబట్టాడు. ముగ్గురూ వెళ్ళారు.

"ఆరు నెలలుగా అమ్మ మనిషి మారిపోయింది డాక్టరుగారూ," అన్నాడు కొడుకు. "బల్ల దగ్గరికి రాదు. పళ్ళెం పట్టుకుని గదిలోకి పోతుంది. మొన్న రెండు రోజులు స్నానం చెయ్యనని మొండికేసింది. ఎంతో ఇష్టపడే ఆకుపచ్చ చీర పనిమనిషికి ఇచ్చేసింది. పొద్దస్తమానం కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చుంటుంది. మతి తప్పుతోందేమోనని భయంగా ఉంది."

డాక్టరమ్మ ఓపిగ్గా విన్నది.

"వినపడనివాళ్ళలో ఇది చూస్తూనే ఉంటామండీ. అందని మాటను అందుకోవాలని మెదడు రోజంతా కష్టపడుతుంది. అలసిపోతుంది. నలుగురి మధ్య కూర్చోలేక మనిషి ముడుచుకుపోతుంది. అదిలాగే సాగితే జ్ఞాపకం సడలొచ్చు, నడక తూలొచ్చు. చెవికి మిషన్ పెట్టుకున్నాక మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నవాళ్ళని చాలామందిని చూశాను. మీరు ముందే తీసుకురావాల్సింది."

కోడలు గబుక్కున అందుకుంది.

"ఈ వయసులో ఆవిడకెందుకండీ ఈ తంటా? చెవిలో గుయ్యిమంటుంటే ఇంకా చిరాకు. ఏ గోలా లేకుండా హాయిగా ఉంది కదా."

"నువ్వూరుకో," అన్నాడు మొగుడు. "రోజంతా అమ్మకి తోడు నువ్వే. నీ మాటైనా వినపడితే ప్రాణం లేచొస్తుంది."

డాక్టరమ్మ అత్తగారిని గాజు గదిలోకి తీసుకెళ్ళి తలుపేసింది. ఇక లోపలి మాట ఒక్కటీ బయటికి రావడం లేదు. కోడలు అద్దానికి ముక్కు ఆనించినంత పని చేసింది. డాక్టరమ్మ ఎదురుగా కూర్చుని కాగితంలో చూసి ఏదో అంటోంది. అత్తగారు ఏదో చెబుతోంది. డాక్టరమ్మ రాసుకుంటోంది. కాసేపటికి ఒక అట్టముక్క తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. దగ్గొచ్చిందేమో అనుకుంది కోడలు. అట్ట తియ్యకుండానే పరీక్ష సాగింది. అత్తగారు మాటిమాటికీ తల అడ్డంగా ఊపుతోంది.

తలుపు తెరుచుకుంది.

"ఇరవై మాటలు అడిగితే ఒక్కటి అందింది. అదీ గట్టిగా అన్నప్పుడు. మిషన్ తప్పదు. వారంలో తెప్పిస్తాను."

కోడలు గుండె నిండా ఊపిరి పీల్చుకుంది. ఇరవైలో ఒక్కటి. మిషన్ వస్తే రానీ. వారం తర్వాత నోరు కట్టేసుకుంటే సరి. ఈ నాలుగేళ్ళ మాటలూ గాలిలో కలిసిపోయాయి. వాటిని ఇక ఏ మిషనూ పట్టుకోలేదు.

ఆమె ఎదురెళ్ళి, నవ్వుతూ అత్తగారికి చెయ్యి అందించింది. అత్తగారు ఆ ముఖంలోకి చూడబోయి ఆగింది. తల దించుకుని, చివరన ఉన్న కుర్చీ దాకా ఒక్కతే నడిచి, దాన్ని గోడవైపు తిప్పుకుని కూర్చుంది.

"చూశారా, ఇక్కడా అంతే," అన్నాడు కొడుకు దిగులుగా. అంతలో అతనికి ఏదో గుర్తొచ్చింది. "అవునండీ, ఇందాక నోటికి ఆ అట్ట ఎందుకు అడ్డం పెట్టుకున్నారు?"

డాక్టరమ్మ నవ్వింది.

"మగ్గాల షెడ్డులో పనిచేసినవాళ్ళు ఆ చప్పుడులో ఒకరి మాట ఒకరు పెదాల మీదే చదువుకుంటారండీ, అట్ట పెట్టకముందు నేను గొంతు తియ్యకుండా ఉత్తి పెదాలు కదిపితేనే, మీ అమ్మగారు ఇరవై మాటలూ పొల్లుపోకుండా చెప్పేశారు."