రెండో గోలి

"అత్తమ్మా, గిది నాకిచ్చిన గోలే గద" అన్నది కోడలు.

భీమవ్వ బీడీల చాట పక్కన పెట్టి చూసింది.

కోడలికి ఏడో నెల. ఎముకల బలానికని సర్కారు దవాఖానలో ఆమెకు సున్నపు గోలీలిచ్చారు. అచ్చం అదే గోలి భీమవ్వ మందు పొట్లంలోనూ ఉంది.

భీమవ్వకు పందొమ్మిది వందల డెబ్భైలో పట్నంలో గొంతు గడ్డ కోసి తీసేశారు. ఇక బతికినన్నాళ్ళూ రోజుకు రెండు థైరాయిడ్ గోలీలు మింగాలన్నాడు బోధన్ డాక్టరు. రక్తపరీక్షలో నంబరు బాగా ఎక్కువొస్తే, మందు పనిచేస్తున్నదన్నాడు. కొడుకు మెట్రిక్ పాసైనంత సంబరపడింది భీమవ్వ.

పొట్లాలు కట్టేది మాత్రం కాంపౌండరు లక్ష్మీరాజం. ఏడాదిగా అందులో అసలు గోలి ఒకటే. రెండోది సున్నపుది. రెండూ తెల్లనివే, కళ్ళు మూసుకుని మింగే మనిషికి తేడా ఏం తెలుస్తుంది?

అన్నా అని నోరారా పిలిచింది. వేల్పూరు పసుపు తెచ్చిచ్చింది. నమ్మించి గొంతు కోశాడు. పట్నంలో కోసిన కోత కన్నా ఇదే ఎక్కువ నొప్పి పెట్టింది.

తెల్లారే బోధన్ డాక్టరు దవాఖానకు పోయి, అందరి ముందూ అడిగింది.

"నా గోలి ఎవలికి అమ్ముకున్నవ్, రాజమన్నా?"

లక్ష్మీరాజం ఒకసారి డాక్టరు వైపు చూశాడు.

"నీకు ఒక్కటే సాలు, చెల్లె."

డాక్టరు మొహం కందిపోయింది. నేను రాసింది మార్చడానికి నువ్వెవడివని అరిచి, అప్పటికప్పుడే పనిలోంచి తీసేశాడు. లక్ష్మీరాజం తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. భీమవ్వ మనసు చల్లబడింది.

ఆ రోజు నుంచి రెండూ అసలు గోలీలే. గుండె దడదడమనేది, చేతులు వణికి బీడీలు వదులయ్యేవి. మందు పనిచేస్తున్నదనుకుంది, పిచ్చిది.

రెండేళ్ళకు ఇంటి కడప దాటుతుంటే కాలు జారింది. పడింది జానెడెత్తు నుంచే, తుంటి ఎముక మాత్రం విరిగింది.

పట్నం డాక్టరు పాత పరీక్షల కాగితాలన్నీ వరసగా పెట్టుకుని చూశాడు.

"ఈ ఒక్క ఏడాదే మీకు మందు సరిపోయింది. ముందూ వెనకా ఎక్కువే. ఎక్కువైతే ఎముక గుల్లబారుతుందమ్మా. ఆ ఏడాది మందిచ్చింది ఎవరు?"

లక్ష్మీరాజం పేరు చెప్పింది భీమవ్వ. నమ్మిన బోధన్ డాక్టరు నిండా ముంచాడు. దరి చేర్చినవాణ్ణి తనే దొంగను చేసింది.

కర్రల మీద నిలబడగలిగిన రోజే, కొడుకు వెంట రిక్షాలో లక్ష్మీరాజం ఇంటికి పోయింది.

మంచం మీద ఒక ముసలామె ఉంది. నడుము కొడవలిలా వంగిపోయింది. లేవలేను, లోపలికే రమ్మంది. పని పోయాక పెనిమిటి భివండి మగ్గాలకు పోయాడని, మొన్న కార్తీకంలో అక్కడే కాలం చేశాడని చెప్పింది.

భీమవ్వ పేరు వినగానే ఆమె చెయ్యి పట్టుకుంది.

"నాదీ గొంతు జబ్బే, చెల్లె. డాక్టరు చెప్పిండని రెండేసి గోలీలు ఆయనే నా నోట్లేసిండు. నా నడుము ఇరిగినంక నీ రక్తపరీక్ష కాయితం సూసిండు, నా లెక్కనే నంబరు ఎక్కువున్నది. డాక్టరుకు చెప్తే ఇనలేదట. 'నీ ఎముకలు నా చేతులతోనే కరగబెట్టిన, ఆమెవన్న దక్కనీ' అన్నడు."