కొంగ తగిలించిన హ్యాష్‌ట్యాగ్

చెరువు గట్టున ఫొటో స్టూడియో పెట్టిన కొంగకి గిరాకీ లేక దిగులు పట్టుకుంది. బాతుపిల్లల మొదటి ఈతని ఫొటో తీసి, #బాతుపిల్లలు అని ఆన్‌లైన్‌లో పెట్టింది. ఎవరూ చూడలేదు. ఫోను తీసి చూడటం, పక్కన పెట్టడం, మళ్లీ తీయడం, ఇదే పని. చివరికి అడవిలో అందరూ వెతికేదేమిటో కనుక్కుని, #లేతమాంసం అని కూడా తగిలించింది.

"అదెందుకు వదినా? నాకు భయంగా ఉంది," అంది తల్లిబాతు.

"ఊరుకో! నలుగురి కంట్లో పడొద్దూ?"

లైకులు వెల్లువెత్తాయి. "ఎక్కడ?" అని కామెంట్లలో అడిగినవాళ్లందరికీ కొంగ ఓపిగ్గా చెరువు దారి చెప్పింది.

సాయంత్రానికి గట్టు మీద నక్కలు బారులు తీరాయి. తల్లిబాతు పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది.

"రండి రండి! ఎవరికి తీయాలి ఫొటో?" అంది కొంగ.

"ఫొటో మాకెందుకు?" అంది ముందున్న నక్క. "ఫొటోలో ఉన్నవాళ్లు చాలు."