ముగ్గురు దిగితేనే పోటీ

మూడో అమ్మాయి రాలేదు.

ఎలా వస్తుంది? ఊరంతా బంద్. బస్సులు లేవు.

చిక్కడపల్లి క్లబ్బు ఈతకొలను చుట్టూ కనాతులు కట్టేశారు. ఆడవాళ్ళ పోటీ కదా, మగవాళ్ళంతా బయటే. కుసుమకి ఈత నేర్పిన బుచ్చిబాబు మాస్టారూ బయటే, కన్నతండ్రి వీరరాఘవరావూ బయటే.

"ముగ్గురు దిగితేనే పోటీ. లేకపోతే రద్దు," అంది పోటీ నడిపే నళిని టీచర్.

"రద్దయితే రాష్ట్రం పోటీలకి ఎవరు వెళ్తారండీ?" అడిగింది కుసుమ తల్లి రాజ్యలక్ష్మి.

"పోయినేడు గెలిచిన అమ్మాయే. పద్మ."

రాజ్యలక్ష్మి గబుక్కున కూతురి వంక చూసింది.

అశోక్ నగర్‌లో వాళ్ళింట్లో ఈ ఈత గురించి జరగని రభస లేదు. "ఈ ఏడు ఎంపికైందా సరే. కాలేదా, ఈతకి స్వస్తి. నలుగురూ నవ్వుతున్నారు," అని వీరరాఘవరావు తేల్చేశాడు. ఆయన ఒక మాటన్నాడంటే బ్రహ్మదేవుడు దిగొచ్చినా మారదు.

కుసుమ గట్టు మీద ఏడుపు ఆపుకుంటూ నిలబడింది. అవతలి చివర పద్మ మాత్రం నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని నిశ్చింతగా కూర్చుంది. కూర్చోదూ మరి! ఒళ్ళు తడవకుండానే గెలిచినట్టాయె.

"నేను దిగుత."

అందరూ తిరిగి చూశారు. రాజ్యలక్ష్మి పక్కన బెంచీ మీద కూర్చున్న ఆవిడ. ముతక చీర, నోట్లో తమలపాకు. ఇందాక పలకరించబోతే రాజ్యలక్ష్మే మొహం తిప్పుకుంది. ఊళ్ళో ప్రత్యేక తెలంగాణా గొడవలు నడుస్తున్న రోజులు. ఆ యాస చెవిన పడగానే, మనకెందుకొచ్చిన మాటలు అనుకుంది.

"మీకు ఈతొచ్చా?" అంది టీచర్.

"చిన్నప్పుడు మా ఊరి బావిల ఈదిన. పెండ్లయినంక మల్ల దిగలే."

"మరి మీకెందుకండీ ఈ శ్రమ?"

"ఈత పోటీకి పిల్ల ఈదకుండనే పోతే మంచిగుంటదా టీచరమ్మ?"

"మీ పేరు?"

"కురుమమ్మ. గింత వయసే ఉండాలె అని ఏమన్న రూలున్నదా?"

టీచర్ చేతిలోని రూల్సు కాగితం తిరగేసింది.

"లేదు. కానీ దిగితే చాలదు. అవతలి గోడ ముట్టాలి. మధ్యలో ఆగిపోతే పోటీ చెల్లదు."

"ముట్టే వస్త తియ్యమ్మ."

కురుమమ్మ తమలపాకు ఉమ్మేసి, చీర గోచీ పోసి కట్టింది. చుట్టూ ఉన్న ఆడపిల్లలు పకపకా నవ్వారు. రాజ్యలక్ష్మికీ నవ్వొచ్చింది. పద్మ మాత్రం మొహం కందగడ్డ చేసుకుంది. చేతికందింది జారిపోతుంటే మండదూ అనుకుంది రాజ్యలక్ష్మి.

ఈల మోగింది.

పద్మా కుసుమా సరిసమానంగా ఈదారు. చివర్లో కుసుమ జానెడు ముందు గోడ ముట్టింది.

"ఏమైందే?" కనాతు బయట నుంచి వీరరాఘవరావు కేకేశాడు.

"ఉండండీ!"

కురుమమ్మ ఇంకా సగం దూరంలోనే ఉంది. నీళ్ళు మింగుతోంది. తడిసిన చీర కాళ్ళకి చుట్టుకుంటోంది. ఓ చోట చెయ్యి లేవనే లేదు.

నవ్వులు ఆగిపోయాయి.

రాజ్యలక్ష్మి గట్టు వెంట పరుగెత్తింది.

"అక్కా! ఆగకండక్కా! కాళ్ళు ఆడించండి! ఇంకొంచెమే!"

కురుమమ్మ దగ్గింది. ఒగర్చింది. మళ్ళీ చెయ్యి లేపింది. చివరికి వేళ్ళ కొసలు గోడకి తగిలాయి.

"పోటీ చెల్లింది. మొదటి స్థానం కుసుమ!" అంది టీచర్.

రాజ్యలక్ష్మి తడి గచ్చు మీదే కూలబడింది. గుండెల మీంచి బండరాయి దించినట్టయింది. కూతుర్ని కౌగిలించుకుని ఏడ్చింది, నవ్వింది.

"గెలిచిందండీ! మన పిల్ల గెలిచింది!"

కనాతు బయట బుచ్చిబాబు మాస్టారు ఈల వేశాడు. స్వస్తి చెప్పిస్తానన్న వీరరాఘవరావు, దారిన పోయేవాళ్ళనల్లా ఆపి "మా అమ్మాయేనండీ" అని చెప్పుకుంటున్నాడు.

ఆ హడావుడిలో కురుమమ్మని అందరూ మరిచిపోయారు. రాజ్యలక్ష్మికి గుర్తొచ్చేసరికి ఆవిడ కొలను దగ్గర లేదు. ఒక్క మాటైనా చెప్పలేదే అని గేటు దాకా ఉరికింది.

రిక్షా అప్పుడే కదులుతోంది. తడిచీరతో కురుమమ్మ. ఆవిడ భుజం మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తూ పద్మ. ఓడిన పిల్లనీ ఓదారుస్తోంది, ఎంత మంచి మనిషి అనుకుంటూ రాజ్యలక్ష్మి పిలవబోయింది.

అంతలో పద్మ గొంతు వినిపించింది.

"నువ్వు దిగకుంటే నేనే పోతుంటి గదమ్మా!"