కోడిపెట్ట పెళ్ళిచూపులు

ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఒక పెరటి కోడిపెట్టకు సాయంత్రం పెళ్ళిచూపులు కుదిరాయి. పొద్దున్నే తలలో నాచుపువ్వు తురుముకుంది. నాచుపువ్వు విచ్చుకునేది పొద్దుటి పూటే కదా, మధ్యాహ్నం దాటేసరికి ముడుచుకుపోయింది.

“కప్ప తాతా, ఈ బోసి తలతో నన్నెవరు చేసుకుంటారు?” అని ఏడ్చింది పెట్ట.

“పిచ్చిదానా, ఆ చంద్రకాంత మొక్క కింద కూర్చో. ఎరువూ గిరువూ అడక్కుండా సాయంత్రానికి అదే పూస్తుంది,” అన్నాడు తాత.

కూర్చుంది. నెత్తిమీద గులాబిరంగు పూలు గుత్తులుగా విచ్చుకున్నాయి. పుంజు వచ్చేసరికి చీకటి పడుతోంది. చీకటి పడితే కోళ్ళకు నిద్ర ఆగదు. పెట్ట అప్పటికే పడుకుంది. చూడవచ్చిన పుంజూ పక్కనే ఒరిగింది.

“లేపి, నచ్చిందో లేదో అడగనా తాతా?” అంది అక్కడున్న నత్త.

“ఎందుకూ? గురకలు కలిశాయి. ముహూర్తం పెట్టించెయ్.”