ఏం తగిలినా ఆగిపోయే రంపం

టప్‌మని తుపాకీ పేలినట్టు చప్పుడైంది. బల్ల మీద గిర్రున తిరుగుతున్న రంపం బ్లేడు రెప్పపాటులో బల్ల కిందికి దిగిపోయింది. వర్క్‌షాపులో ఉన్నవాళ్లంతా ఎక్కడి పని అక్కడ ఆపేశారు.

"చేతులు చూపించు," అంటూ ఇన్‌ఛార్జి పరుగున వచ్చాడు.

అమ్మాయి రెండు చేతులూ చాచింది. వేళ్లన్నీ ఉన్నాయి, గీత కూడా పడలేదు. గోడవార బెంచీ మీద కూర్చున్న తల్లి అప్పటికే వచ్చి, కూతురి వేళ్లను ఒక్కొక్కటే ఒత్తి చూసింది. చూశాక, రంపం నోట్లో సగం తెగి ఆగిన చెక్కపలకను తీసి ఒళ్లోని పిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది.

"నాకేం కాలేదమ్మా. నా చెయ్యి అసలు తగలనే లేదు."

"తగలకపోతే ఎందుకు ఆగుతుంది?" ఇన్‌ఛార్జి వంగి బల్ల కింద చూశాడు. "బ్లేడు వెళ్లి బ్రేకులో కూరుకుపోయింది. ఇక రెండూ పనికిరావు. ఒంటికి తగిలితేనే ఇది ఇట్లా పట్టేస్తుంది, నీకు తెలియంది కాదు."

"ఒట్టు సార్. చెక్కను కర్రతోనే నెట్టాను."

"పోయిన నెలా ఇదే మాట అన్నావు. అప్పుడు మెషిన్ ఆగింది కాబట్టి గోటి దగ్గర చిన్న గాటుతో బయటపడ్డావు. రెండోసారి అయితే పేరు తీసెయ్యాలని రూలు. నలుగురూ వాడుకునే చోటు, నేనేం చెయ్యను?"

"శనివారానికి బడికి స్టూళ్లు ఇవ్వాలి సార్. నా మొదటి ఆర్డరు. ఇది పోతే నన్ను ఇంకెవరు నమ్ముతారు?"

అవతల బీరువాకు వార్నిష్ పూస్తున్న ఆవిడను అక్కడ అందరూ పాలిష్ అక్క అంటారు. ఆమె బ్రష్షు పక్కన పెట్టి వచ్చింది. "పిల్ల అంత గట్టిగా చెబుతోంది కదా సార్. చెక్క తడిగా ఉన్నా చెయ్యి అనుకుని ఆగిపోతుందని గోడకు అట్ట రాసి కట్టింది మీరే. ఒకసారి ఆ చెక్క చూడండి."

ఆ అట్టను అందరికన్నా శ్రద్ధగా చదివింది తల్లి. పోయిన వారం కూతురి కోసం ఎదురుచూస్తూ అదే బెంచీ మీద కూర్చుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. ఈ పొద్దున కూతురు ఇంకా లేవకముందే స్నానాల గదిలో తొట్టి నింపి, పలక అడుగువైపు బాగా నానబెట్టింది. పైవైపు తువ్వాలుతో తుడిచింది. దారంతా తనే మోసి, తడివైపు కిందికి ఉండేలా రంపం బల్ల మీదా తనే పెట్టింది. మొదటిసారి గోరుతో పోయింది, రెండోసారి వేలు పోతుంది, ఆ తర్వాత చెయ్యి. ఆమె ఆలోచన ఎప్పుడూ అక్కడితో ఆగేది కాదు.

"ఆ పలక ఇలా ఇవ్వండమ్మా," అన్నాడు ఇన్‌ఛార్జి.

తల్లి పలకను మరింత దగ్గరికి హత్తుకుంది. అడుగునున్న చెమ్మ బట్టల్లోంచి పొట్టకు చల్లగా తగిలింది. "బిడ్డ వేలు దక్కింది, అది చాలు బాబూ. చెక్కతో పనేముంది?"

అతను చెయ్యి చాచి పలక పైవైపు నిమిరాడు. పొడిగానే ఉంది. "తిప్పండి," అన్నాడు.

తల్లి చేతులు కదల్లేదు.

"ఎందుకు సార్, అది తడిగా ఎందుకుంటుంది?" అంది కూతురు విసుగ్గా. "మా ఇంట్లో అమ్మ కళ్లముందే ఉంది. దాని మీద దుమ్ము కూడా పడనివ్వదు మా అమ్మ."

ఇన్‌ఛార్జి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "సరే. చెక్క పొడిగా ఉందని నువ్వే అంటున్నావు. అయితే తగిలింది నీ చెయ్యే. లాకరు తాళం ఇచ్చెయ్యమ్మా."

కూతురు తాళం తీసి బల్ల మీద పెట్టింది. ఏడవలేదు. రంపం మీది పొట్టును మాత్రం అరచేత్తో శుభ్రంగా తుడిచింది. అది చూసి తల్లి పలకను తిప్పబోయింది. అంతలోనే మళ్లీ హత్తుకుంది.

వీధిలోకి వచ్చాక గాని ఆమెకు ఊపిరి ఆడలేదు. "పోతే పోనీ తల్లీ. ఇంటి దగ్గర కుట్టుమిషన్ నేర్చుకుందువుగాని."

"దానికి సూది ఉంటుందమ్మా. నీకు నిద్ర పడుతుందా?"

"సూది గుచ్చుతుందే గాని తెంచదుగా," అంది తల్లి. ఎన్నాళ్లకో ఆమె గుండె కాస్త తేలికైంది.

వెనక నుంచి ఎవరో పిలిచారు. పాలిష్ అక్క, చేతులకు వార్నిష్‌తోనే, రొప్పుతూ వచ్చింది. "ఆగవే. మా అన్నయ్యకు ఫోన్ చేశాను. వాళ్ల షెడ్డులో రంపం ఖాళీగానే ఉందట. రేపు పొద్దున్నే వచ్చెయ్యమన్నాడు. శనివారానికి నీ స్టూళ్లు అయిపోతాయి."

కూతురు అక్క చేతులు రెండూ పట్టేసుకుంది. వార్నిష్ అంటుకున్నా వదల్లేదు.

"అక్కడా ఇలాంటి మెషినేనా?" తల్లి అడిగింది.

"అయ్యో, ఇలాంటిది కాదు పిన్నిగారూ. మా తాతల నాటిది. బ్రేకూ గీకూ ఏమీ ఉండదు."

కూతురు నవ్వుతూ తల్లి భుజం చుట్టూ చెయ్యి వేసింది. "విన్నావా అమ్మా, ఇక నన్నెవరూ తీసెయ్యరు. ఆ రంపం ఏం తగిలినా ఆగదట."