తువ్వాలు కింద మాట

“రాజులు పోయారు, రాజ్యాలు పోయాయి. వాళ్ల పెళ్లాల పేర్లు బట్టీపట్టి నువ్వేం బావుకుంటావే?” అంటూ వెంకటేశ్వర్లు చిన్నరసం మామిడికాయ ఒకటి తీసి ముచ్చిక దగ్గర వాసన చూశాడు. “బి.కాం. చదువు, కొట్టుకి పనికొస్తుంది. హిస్టరీ అన్నావా, గడప దాటేది లేదు.”

కూతురు భారతి ఇంటర్ పాసైన దగ్గర్నుంచీ ఇంట్లో ఇదే గోల. కాలేజీలో చేరడానికి రేపే ఆఖరి రోజు. నాన్న ఒక్క ‘ఊఁ’ అంటే బి.ఏ. హిస్టరీలో చేరిపోతుంది. ఆ ఒక్కటీ ఆయన అనడు. నూజివీడు మామిడి మార్కెట్టులో ఎవడైనా ఆవలిస్తే పేగులు లెక్కపెట్టగల మనిషి, కన్నకూతురి మనసు దగ్గరికొచ్చేసరికి మాత్రం కళ్లు మూసుకుంటాడు. అలాగని చెడ్డవాడేం కాదు. కూతురంటే ప్రాణం. ఆ ప్రాణాన్ని తెచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టుకోవాలని ఆయన ఆశ.

“సువర్ణరాజు మాస్టారు ఇవాళ వస్తారటగా నాన్నా?”

“చివరి కోత అమ్ముకోడానికి వస్తున్నాడు, నీ సిఫార్సుకి కాదు.”

సువర్ణరాజు మాస్టారు హిస్టరీ లెక్చరరు. చాట్రాయిలో ఆయనకు తాతలనాటి తోట ఉంది. ఏటా ఆ కాయంతా వెంకటేశ్వర్లే కొంటాడు. భారతికి హిస్టరీ పిచ్చి ఎక్కించింది కూడా ఆయనే. ఒకరోజు క్లాసు మొత్తాన్నీ కోట గోడ దగ్గరికి తీసుకెళ్లి, “కట్టించినవాడి పేరు పుస్తకంలో ఉంది. ఈ ఇటుకలు మోసినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. ఎవరు కనుక్కుంటారు?” అన్నారు. ఆ రోజు నుంచి భారతికి వేరే చదువు మీద మనసు నిలవలేదు. ఆమె సంగతి మాట్లాడడానికి మాస్టారు రెండుసార్లు ఇంటికి కూడా వచ్చారు. భారతి తల్లి కామేశ్వరి ఇచ్చిన కాఫీ తాగి, వెంకటేశ్వర్లు చెప్పిన ‘కుదరదు’ విని వెళ్లిపోయారు.

“కొట్టులో కూర్చునేదానివి, ఏళ్ల బేరం నేర్చుకో ముందు,” అన్నాడు వెంకటేశ్వర్లు. “తువ్వాలు కింద చెయ్యి పెట్టి ఏళ్లు నొక్కడమే. ఏలుకి వెయ్యి. రేటు పక్కవాడికి తెలీదు. ఖాయం అన్నాక వెనక్కి పోయాడా, వాడి మొహం మళ్లీ ఈ మార్కెట్టులో ఎవడూ చూడడు.”

“ఏళ్లు కాదు నాన్నా, వేళ్లు.”

“ఓరి దేవుడా, ఆ మాస్టారి జబ్బు నీకూ అంటిందా! నేను ఏలంటే ఆయన వేలంటాడు. కాలేజీలో వేళ్లేమో గానీ ఇక్కడ ఏళ్లే!”

ఇంతలో మాస్టారి సైకిలు వచ్చింది, దాని వెనకే కాయల బండి. వెంకటేశ్వర్లు ముందే గొంతు సవరించుకున్నాడు. మాస్టారు నవ్వారు.

“కంగారుపడకండి. ఈసారి వాదించడానికి రాలేదు, బేరమాడ్డానికి వచ్చాను.”

“అలా అన్నారు, బావుంది!”

చుట్టుపక్కల షావుకార్లు ఒక్కొక్కరే వచ్చి మూగారు. ఆ తోట కాయంటే అందరికీ నోరూరుతుంది. వెంకటేశ్వర్లు భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు.

“ఎంతో మీరే నొక్కండి మాస్టారూ.”

“ముందు ఒక్కమాట. మనం ఆడేది ఏళ్ల బేరమే కదండీ?”

భారతి తలెత్తి చూసింది. పాపం, మాస్టారు కూడా మార్కెట్టు భాషకి లొంగిపోయారనుకుంది. వెంకటేశ్వర్లు మాత్రం పొంగిపోయాడు.

“అదీ! ఇన్నాళ్లకి మా దారికొచ్చారు. ఏళ్ల బేరమేనండీ!”

“నేనడిగినన్నీ ఇస్తానని, తర్వాత కాదంటే?”

“భలేవారే! తువ్వాలు కింద ఇచ్చిన మాటంటే మీ శిలాశాసనం లాంటిది. కావాలంటే వీళ్లనడగండి.” షావుకార్లందరూ తలలూపారు.

తువ్వాలు కదిలింది. వెంకటేశ్వర్లు కళ్లు ఒక్క క్షణం మెరిశాయి. ఆ మెరుపు ఏమిటో భారతికి తెలుసు.

“ఇంతేనా?”

“అంతే. ఒక్కటి కూడా తగ్గను.”

“ఖాయం!” అని అరిచినంత పని చేశాడు వెంకటేశ్వర్లు. డబ్బు తీసే మిషతో గల్లాపెట్టె దగ్గరికొచ్చి కూతురి చెవిలో ఊదాడు. “అయిదు వేల సరుకే! మూడేళ్లకి పడేశాడు. చూశావా, హిస్టరీ చదివితే ఇలాగే అవుతుంది!”

భారతికి ఏడుపొచ్చినంత పనైంది. తను దేవుడిలా చూసుకునే మనిషి ఇలా మోసపోయాడన్న బాధ ఒకటి, ఇక నాన్నకి జన్మంతా చెప్పుకోడానికి ఓ కథ దొరికిందన్న దిగులు ఇంకొకటి. రేపటి మీద ఆశ అక్కడే వదిలేసుకుంది.

వెంకటేశ్వర్లు నోట్లు తీసుకెళ్లి మాస్టారి చేతిలో పెట్టబోయాడు. మాస్టారు చెయ్యి చాపలేదు.

“ఇదేంటండీ? కాయల రేటు ఇంకా మనం అనుకోనేలేదుగా. ఇవాళ మార్కెట్టులో ఏ ధర ఉంటే ఆ ధరకే తీసుకోండి.”

“అనుకోలేదా! మరి ఇందాక నొక్కిందేంటి? నేను ఖాయమన్నదేంటి?”

“నొక్కాను. మీరు ఖాయమన్నారు. ఇంతమందీ విన్నారు. శిలాశాసనం అని కూడా అన్నారు.”

వెంకటేశ్వర్లుకు పప్పులో కాలేశానని అర్థమైంది గానీ, అది ఏ పప్పో అర్థం కాలేదు. “మూడేళ్లన్నారు కదండీ!” అన్నాడు అయోమయంగా.

మాస్టారు తువ్వాలు దులిపి, పొందిగ్గా మడిచి, ఆయన భుజం మీద వేసి, భారతి వైపు చూసి నవ్వారు.

“మూడేళ్లేనండీ, అమ్మాయి బి.ఏ. హిస్టరీకి.”