అరవయ్యో ఇల్లు

మంగళవారం ఉదయం పదకొండింటికి సర్వే చేస్తున్న వులాన్ అరవయ్యో జవాబును కొట్టేసింది. ఇండోనేషియాలోని సెమరాంగ్ నగరంలో సముద్రపు పోటుకు మునుగుతున్న ఆ పేటను వదిలి అపార్ట్‌మెంట్లకు వెళ్లడానికి యాభై తొమ్మిది ఇళ్లు సరేనన్నాయి. ఒక్క ఇల్లు వద్దంది.

ఆ ఇంటి ఇల్లాలు కస్మినా ఎదురుగానే కూర్చుని ఉంది.

"అదేంటమ్మాయ్, నా మాట గీకేశావు?"

"అందరికీ దూరంగా పడ్డ జవాబును లెక్కలోంచి తీసేస్తాం అమ్మా. పద్ధతే అంత."

"మరి అందరినీ ఎలా అడిగావు?"

"పేట పెద్దగారు ప్రతి గుమ్మానికీ వెంటబెట్టుకుని వెళ్లారు. పక్కనే ఉన్నారు."

"ఉచిత బియ్యం ఎవరికివ్వాలో జాబితా రాసేది ఆయనే. ఆయన మొహం చూస్తూ మా పిల్లి కూడా వద్దనదు. ఉన్న మాట చెప్పింది నేనొక్కదాన్ని, నన్నే తీసేస్తావా? రాయి మళ్లీ!"

వులాన్ పెన్ను ఆపింది. "మీ గుమ్మానికి మాత్రం ఆయన రాలేదేం?"

"సొంత పెళ్లాం ఏం చెబుతుందో తెలుసనుకున్నాడు."

వులాన్ అరవయ్యో జవాబును మళ్లీ రాసింది. మిగతా యాభై తొమ్మిదింటినీ కొట్టేసింది.

గురువారం సాయంత్రం నాలుగింటికి పేట ఆడవాళ్లంతా ఖురాన్ పఠనానికి కస్మినా ఇంటికి వస్తారు. మగవాళ్లను లోపలికి రానివ్వరు. పఠనం అయ్యాక ఒక్కొక్కరినీ వెనక గదిలోకి పిలిచి, వులాన్ మొదటి ప్రశ్న నుంచి మళ్లీ అడుగుతుంది. ఆ సాయంత్రం బయటే ఉండమని పేట పెద్దకు కస్మినా అప్పుడే చెప్పేసింది.